పట్టాలను మలిపే మోటారు

గుంతకల్లు నుండి రాయచూరు వెళ్ళే రైలుమార్గంలో ఆదోని దాటిన తరువాత కోసిగి వస్తుంది. ప్రయాణికుని చూపు బండరాళ్ళ గుట్టల మీద, నల్లరేగడి చేల మీద నిలుస్తుంది. స్టేషను చివర, దారి రెండుగా చీలే తావున, పట్టాల పక్కన బిగించిన ఇనుప పెట్టెను గమనించేవారు అరుదు. పరుగెత్తే బండి ఏ దారిన పోవలెనో తేల్చే మోటారు అటువంటి పెట్టెలోనే ఉంటుంది.

ఈ మార్గం పాతది. మద్రాసు రైల్వే కంపెనీ 1856లో రాయపురం నుండి ఆర్కాటు వైపు తన మొదటి బండిని నడిపింది. దాని వాయవ్య శాఖ కడప, గుత్తి, ఆదోనిల మీదుగా సాగి, 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుండి వచ్చిన మార్గంతో కలిసింది. అప్పటికి కోసిగి బళ్ళారి జిల్లాలోనిది; ఆదోని తాలూకాతోపాటు 1953లో కర్నూలు జిల్లాలో చేరింది. 1876-78 నాటి ధాత కరువులో ఈ సీమకు ధాన్యం రైలు మీద వచ్చింది. ఒంటి మార్గం మీద ఎదురెదురుగా వచ్చే బండ్లలో ఒకటి పక్కదారిలో, అనగా లూపులైనులో, ఆగితేనే రెండవది సాగుతుంది. అందుచేత దారి మలిపే పాయింట్లు సరిగా పనిచేయడం నాడు తిండిగింజలకు సంబంధించిన విషయం కూడాను.

పాయింట్లు అంటే మొన తేలిన రెండు పట్టాలు. వాటిని ఒక కడ్డీ జంటగా కలుపుతుంది. జంటను సుమారు 115 మిల్లీమీటర్లు పక్కకు జరిపితే దారి మారుతుంది. ఒక మొన పెద్ద పట్టాను గట్టిగా హత్తుకోవాలి, రెండవది విడిగా నిలవాలి. హత్తుకున్నచోట సందు మిగిలితే చక్రపు అంచు అందులో దూరి బండి పట్టాలు తప్పుతుంది. కనుకనే మన రైల్వేలలో మొన దగ్గర 5 మిల్లీమీటర్ల మందంగల ముక్కను అడ్డుపెట్టి పరీక్షిస్తారు. ఆ ముక్క ఉండగా పాయింటుకు తాళం పడరాదు.

మొదట్లో ఈ పనికి పాయింట్స్‌మన్ అక్కడికే నడచిపోయి, చేతితో లీవరు లాగేవాడు. 1856లో ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ పాయింట్లనూ సిగ్నళ్ళనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టే ఏర్పాటుకు పేటెంటు పొందాడు. తరువాత లీవర్లన్నీ ఒక కేబిన్‌లో చేరాయి. అక్కడి నుండి పాయింటుదాకా ఇనుప కడ్డీలు పరిచారు. రాయలసీమ ఎండలో ఈ కడ్డీల సంగతి ఆలోచించవలసినదే. డిగ్రీ సెంటిగ్రేడుకు ఉక్కు తన పొడవులో 10 లక్షలకు 12 వంతులు సాగుతుంది. 300 మీటర్ల కడ్డీ తెల్లవారుజాము కన్న మధ్యాహ్నం 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సాగుదల 10.8 సెంటిమీటర్లు! పాయింటు కదలవలసిన దూరమే 11.5 సెంటిమీటర్లు గదా. ఎండ ఒక్కటే దారి మలిపినంత పని చేస్తుందన్నమాట. అందుకు విరుగుడుగా కడ్డీ మధ్యలో ఒక వంకర లీవరును చేర్చారు. దానికి అటు సగం లాగుడుతోను, ఇటు సగం నెట్టుడుతోను పనిచేయడం వల్ల రెండు సగాల సాగుదలలూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి.

మోటారు వచ్చాక కడ్డీ బాధ పోయింది. బలం పాయింటు పక్కనే పుడుతుంది. కేబిన్ నుండి రావలసినది తీగెలో విద్యుత్తు మాత్రమే. 1894లో సీమెన్స్ - హాల్‌స్కే సంస్థ నేటి చెక్ దేశంలోని ప్రెరోవ్ స్టేషనులో విద్యుత్తుతో నడిచే ఇట్టి ఏర్పాటు చేసింది. మన దేశంలో విరివిగా వాడిన యంత్రం 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడిచి, 3 నుండి 5 సెకండ్లలో దారి మారుస్తుంది. మొన చేరగానే లోపలి స్పర్శలు విద్యుత్తును ఆపుతాయి. మధ్యలో రాయి అడ్డుపడితే రాపిడి క్లచ్ జారుతుంది. మోటారు తిరుగుతుందేగాని పళ్ళచక్రాలు విరగవు. ఈ జారుడే యంత్రపు ఆయువు. ఇక అరిగేవి మోటారు బొగ్గు బ్రష్షులు, స్పర్శలు. మొన పట్టా జరిగే పీటల మీది నూనెలో ధూళి కలిస్తే అది సానపిండితో సమానమవుతుంది. కాబట్టి యంత్రానికి మొదటి మందు చీపురు, గుడ్డపేలిక.

ఆటబొమ్మ రైళ్ళ చరిత్రలోనూ ఇదే కథ. జర్మనీలో మార్క్‌లిన్ సంస్థ 1891లో పట్టాల మీద నడిచే బొమ్మరైలును ప్రదర్శించింది. బొమ్మ పాయింట్లకు చాలాకాలం సాలినాయిడ్ తీగచుట్టలే దిక్కు. అవి క్షణంలో టక్కున కొడతాయి. బొత్తాము అంటుకుపోయి విద్యుత్తు ఆగకపోతే కొద్దిసేపట్లోనే మాడిపోతాయి. పిమ్మట అమెరికాలో ‘టార్టాయిస్’, అనగా తాబేలు, అనే మోటారు వచ్చింది. పేరుకు తగ్గట్టు మెల్లగా కదిలి, చివర ఆగి, విద్యుత్తు ఉండగానే అట్లే పట్టి ఉంచుతుంది. అప్పుడు అది తీసుకునేది 15 మిల్లీ ఆంపియర్ల ప్రాంతమే కనుక మాడదు. పెద్ద యంత్రం విద్యుత్తును తెంచి తాళం వేసుకుంటుంది. బొమ్మ యంత్రం తెంచకుండానే చల్లగా నిలుస్తుంది. సికింద్రాబాదులో 1957లో స్థాపించిన రైల్వే సిగ్నల్ శిక్షణసంస్థలో చిన్న రైళ్ళ నమూనాలతో ఈ విద్య నేర్పుతారు.

అయితే మోటారు మన్నినంత మాత్రాన చాలదు. 2023 జూన్ 2న ఒడిషాలోని బహనగా బజార్‌లో 290 మందికి పైగా మరణించారు. అక్కడ మోటారు చెడలేదు. పాయింట్లు లూపులైనుకు తిరిగి ఉండగా సిగ్నలు మాత్రం మెయిన్ లైనుకు పచ్చగా వెలిగింది. లెవెల్ క్రాసింగు గేటు పనిలోను, అంతకుముందూ తీగెల కలయికలో జరిగిన పొరపాట్లే కారణమని విచారణలో తేలింది. బండి లూపులో నిలిచిన గూడ్సును ఢీకొన్నది.

మోటారు నిజంగానే మొరాయించినప్పుడు ఒక చేతిపిడి ఉన్నది. దానిని పెట్టెలో దూర్చి తిప్పితే, పూర్వపు పాయింట్స్‌మన్ పని మళ్ళీ మనిషి చేతికే వస్తుంది. ఆ పిడిని దాని చోటునుండి తీసినంతసేపు, ఆ పాయింటు మీదుగా సాగే సిగ్నలు ఆకుపచ్చకు మారదు.