మగ్గం ఇంట్లో వేళలు ఎవరివి?

పని వేళలు మనిషి చేతిలో ఉంటే పని బాగా సాగుతుందని, కొత్త ఆలోచనలు పుడతాయని కంపెనీలు ఈ మధ్య గట్టిగా చెబుతున్నాయి. పోచంపల్లి, పుట్టపాక, ఆలేరు చుట్టుపక్కల నేత ఇళ్లు తరతరాలుగా అలాగే బతికాయి. నేను అలాంటి ఇంట్లోనే పుట్టాను. ముందుగదిలో గుంట మగ్గం, దాని పక్కనే మా పడకలు. సైరన్ లేదు, హాజరు పుస్తకం లేదు. గంటకు ఇంత అని కాదు, చీరకు ఇంత అని కూలి. పెళ్లి ఉంటే మగ్గం ఆగేది, బిడ్డకు జ్వరమొస్తే ఆగేది. ఆ నష్టాన్ని రాత్రి దీపం కింద పూడ్చుకునేవాళ్లు. వానాకాలం మాత్రం ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. గుంటలోకి నీరూరేది, గంజి పెట్టిన పడుగు వీధిలో ఆరేది కాదు.

ఈ వెసులుబాటు వల్ల మేలు జరగలేదని అనను. నూలుకు ముడులు కట్టి రంగులద్దే చిటికి పని చీరాల వైపు నుంచి మా ప్రాంతానికి వచ్చిందని పెద్దలు చెప్పేవారు. మొదట్లో నేసిన రుమాళ్ల మీది గళ్లు, పూలు చీరల మీదికి ఎక్కాయి, నూలు పక్కన పట్టు చేరింది. పై అధికారి అనుమతి అడగనక్కర్లేదు కాబట్టి, చేయి తిరిగినవాడు కొంగు దగ్గర ఒక కొత్త రంగు వేసి చూసుకోగలిగాడు. కానీ కూలినేతలో నూలు షావుకారుది. ప్రయోగం చెడితే కూలిలో కోత పడేది. వేళలు ఎంత చేతిలో ఉన్నా, తప్పిన ప్రయత్నం ఖర్చు ఎవరు మోస్తారన్న దాన్ని బట్టే కొత్తదనం పుడుతుందని నేను నమ్ముతాను. ఆ ఇంటి వేళలు నిజంగా ఎవరివో చూడాలంటే మాత్రం ఆసు దగ్గర కూర్చోవాలి.

చిటికి కట్టే ముందు పేక నూలును ఆసు మీద పోయాలి. ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారాన్ని ఇక్కణ్నుంచి అక్కడికి, అక్కణ్నుంచి ఇక్కడికి చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు తిరుగుతుంది, నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలు పోస్తే 18,000 సార్లు. ఈ పని ఆడవాళ్లదే. వంటకూ నీళ్లకూ మధ్య దొరికిన వేళల్లో చేసేవారు. చీర కూలి నేసినవాడి పేరు మీద లెక్కయ్యేది, ఆసు పోసిన చేయి ఆ లెక్కలోకి వచ్చేది కాదు. "భుజం పడిపోతుంది బిడ్డా, జర నూనె రాయి" అని మా అమ్మ రాత్రిళ్లు పిలిచేది. మగవాడు అనుభవించిన వెసులుబాటు ఆ భుజం మీద నిలబడిందే.

నేతకారుడు చింతకింది మల్లేశం అలాంటి భుజాన్నే తన ఇంట్లో చూశారు. ఆలేరు దగ్గర శారాజిపేట ఆయనది. ఆరో తరగతితో బడి మానేసి మగ్గమెక్కారు. తల్లి లక్ష్మి ఆసు పోయలేక నొప్పితో బాధపడుతుంటే 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. చేతిలో డబ్బు అయిపోయింది, అప్పులు పెరిగాయి, చుట్టూ ఉన్నవాళ్లు వద్దన్నారు. హైదరాబాద్‌లో కరెంటు పనికి వెళ్లి, వచ్చిన డబ్బుతో ఒక్కో భాగం చేసుకున్నారు. చివరి చిక్కు బాలానగర్‌లో విడింది. వైరింగు పనికి వెళ్లినచోట ఒక యంత్రం కదలిక చూసి, తనకు కావలసిందదేనని పట్టేశారు. 1999లో ఆసు యంత్రం నడిచింది, దానికి తల్లి పేరే పెట్టారు. చీరకు గంటన్నర చాలు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా అయింది.

ఆ ఏడేళ్లూ ఆయన నష్టంలో ఎవరూ పాలు పంచుకోలేదు. ఒక సంఘమో, షావుకారో, సర్కారో నూలుకూ ఇనుముకూ పెట్టుబడి పెట్టి ఉంటే ఎందరి భుజాలు ముందే తేలికపడేవో! ఇప్పుడు మా వీధిలో ఒకావిడ యంత్రం పెట్టుకుని నాలుగిళ్ల ఆసు పోస్తోంది. చీరకు ఎంత తీసుకోవాలో తనే చెబుతుంది, డబ్బులు తన చేతికే వస్తాయి.