తోలు అతికిన చేతులు

చేతిపని గొప్పదనం గురించి మన పుస్తకాల్లో చాలానే రాశారు. మేకు లేకుండా చెక్కలో చెక్క ఇమిడిన అతుకును కళ అన్నారు. నిదానంగా చేసే పనిలోని తృప్తిని పొగిడారు. అంతే ఓపికతో తోలుకు తోలు అతికిన చేతుల్ని మాత్రం అంటరానివన్నారు. ఈ తేడా పనిలో ఉందా, పనిచేసేవాడి కులంలో ఉందా అన్నది మా ప్రశ్న.

మోట సంగతే చూద్దాం. కరెంటు మోటార్లు రాకముందు మెట్ట పొలాలకు బావినీళ్లు తోడింది మోట. దాని తోలు తొండం మాదిగల పని. చచ్చిన పశువు తోలు తెచ్చి, సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లందలో తంగేడు చెక్క నీళ్లతో వారాల తరబడి ఊరబెట్టేవాళ్లు. అంచు కోసి, లోపలి రంగు చూసి తోలు పదునైందో లేదో చెప్పేవాళ్లు. ఆ తర్వాతే రంపెతో కోత, ఆరెతో బెజ్జం, తోలు వారుతో కుట్టు. బెజ్జం వారుకన్నా సన్నగా ఉండాలి. అప్పుడే తడిసిన తోలు ఉబ్బి సందు మూసుకుంటది. తొందరపడితే కుట్టు కారుద్ది, పొలం ఎండుద్ది. నీళ్లు నింపినా చుక్క కారని తొండాన్ని చూసుకుంటే కుట్టినోడికి కలిగే తృప్తి ఏ శిల్పి తృప్తికీ తీసిపోదు.

మాదిగ కుట్టిన తోలు బావిలో మునిగితే నీళ్లు మైలపడలేదు. ఆ మాదిగే ఊరబావిలో చేద వేస్తే మైలపడ్డాయి!

ఈ విద్య విలువ తెలియక కాదు. మద్రాసు రాష్ట్రంలో ఇదే తంగేడు చెక్కతో ఊనిన తోళ్లు 19వ శతాబ్దంలోనే బ్రిటన్‌కు ఎగుమతయ్యాయి. 1914-18 యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లయ్యాయి. లాభం వ్యాపారులది, కంపు మాత్రం మాదిగవాడది. నిజాం రాజ్యంలోనైతే చెప్పులు, పగ్గాలు, తొండాలు దొరల గడీలకు వెట్టిగా ఇయ్యాల్సిందే. 1946-51 తెలంగాణ పోరాటం ఆ వెట్టి మీదే తిరగబడింది.

కులమంటే పని విభజన ఒక్కటే కాదు, పనిచేసేవాళ్ల విభజన అని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. తాను ఎంచుకోని పనిలో మనిషి మనసు నిలవదనీ అన్నారు. మరి మా పెద్దల కుట్టులో కనబడే మనసు ఎక్కడిది? అది కులం పెట్టిన భిక్ష కాదు. కులం అన్నీ గుంజుకున్నా వాళ్లు చేతుల్లో నిలబెట్టుకున్నది.

అందుకే ఈ తృప్తిని చూపించి మా పిల్లల్ని మళ్లీ లందలోకి దిగమంటే ఒప్పుకోం. లందను వదిలినంత మాత్రాన ఆ విద్యను మరిచిపోవడానికీ ఒప్పుకోం. 1994లో ఈదుముడిలో పుట్టిన దండోరా, చావులకు కొట్టించిన డప్పునే హక్కుల కోసం మోగించింది. అట్లాగే ఆరె, రంపె, లందల జ్ఞానాన్ని కూడా చరిత్రలోకి ఎక్కించాలి. తెలిసిన ముసలోళ్లు ఇంకా మన వాడల్లో ఉన్నారు. వాళ్ల దగ్గర కూచుని రాసుకోవాల్సింది మనమే.