పనికి తిరిగి వెళ్ళడం చికిత్సా, ఆజ్ఞా? క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రి (1916–1919): ఒక చారిత్రక పరిశీలన

ప్రమాదంలో గాయపడి, ఒళ్ళు బాగుపడినా మనసు కుదుటపడని మనిషి సంఘ కాపరి దగ్గరకు వచ్చినప్పుడు సాధారణంగా రెండు మాటలు వింటాడు. ఒకటి, జరిగింది మరచిపో. రెండవది, పనిలో పడితే అన్నీ సర్దుకుంటాయి. లారీ బోల్తాపడి బ్రతికి బయటపడిన డ్రైవరుకైనా, యంత్రంలో చెయ్యి నలిగిన కార్మికునికైనా మనం చెప్పేది ఇదే. మంచి ఉద్దేశంతోనే చెబుతాము. అయితే ఈ మాటలలో నిజమెంత, పొరపాటెంత అన్నది నిన్న మొన్న పుట్టిన ప్రశ్న కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో స్కాట్లాండులోని ఎడింబరో నగర శివారున, ఒకే ఆసుపత్రిలో పనిచేసిన ఇద్దరు వైద్యులు ఈ రెండు మాటలనూ పరీక్షకు పెట్టారు. వారి అనుభవాన్ని, అక్కడ కోలుకున్న ఒక యువకుని కథతో కలిపి ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఆ యువకుడు ఒకప్పుడు పరిచర్య చేయాలన్న తలంపుతో పాదిరిగారి ఇంట ఉన్నవాడు. ఆ విధంగా కూడా ఈ కథ మనకు దూరమైనది కాదు.

యుద్ధం 1914లో మొదలైంది. కొద్ది నెలలకే ఫ్రాన్సులోని సైనిక ఆసుపత్రులకు ఒక వింత రకం రోగులు రాసాగారు. ఒంటిమీద గాయం కనబడదు. కాని మాట పడిపోయింది, చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి, రాత్రి నిద్రలో కేకలు వేస్తున్నారు. చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు 1915లో లాన్సెట్ పత్రికలో ఇలాంటి రోగుల గురించి రాస్తూ "షెల్ షాక్" అన్న పేరును వైద్యలోకానికి పరిచయం చేశారు. ప్రేలిన ఫిరంగి గుండు మెదడును అదరగొట్టడం వలన ఈ స్థితి కలుగుతుందని మొదట అనుకున్నారు. గుండు దగ్గరలో ప్రేలనివారికి కూడా ఇదే స్థితి రావడంతో ఆ వివరణ నిలువలేదు. సైన్యానికి ఆ పేరే నచ్చలేదు. పేరు పెడితే రోగం ఒప్పుకున్నట్లే గదా! రోగమా, పిరికితనమా అన్న అనుమానం యుద్ధం ముగిసేవరకూ వదలలేదు. పారిపోయారని, పిరికివారని బ్రిటిషు సైన్యం కాల్చి చంపిన వారిలో 306 మందికి 2006లో గాని బ్రిటన్ క్షమాభిక్ష ప్రకటించలేదు. వారిలో ఎందరు మనసు చెదిరినవారో ఇప్పుడు తేల్చడం సాధ్యం కాదు.

చికిత్సలోనూ హోదా భేదం ఉండేది. లండన్‌లో లూయిస్ యెల్లాండ్ అనే వైద్యుడు మాట పడిపోయిన సిపాయిల గొంతుకు విద్యుత్తు పెట్టి, మాట వచ్చేవరకు గది విడువనివ్వలేదు. ఆ పద్ధతిని తానే 1918లో పుస్తకంగా ప్రకటించారు. అధికారులకు మాత్రం మాటలతో చికిత్స. 1916 అక్టోబరులో క్రెయిగ్‌లాక్‌హార్ట్‌ను అధికారుల కోసమే తెరిచారు. అంతకు ముందు అది ధనవంతులు జలచికిత్సకు వచ్చే భవనం. 1919లో మూసేలోగా పదిహేను వందల మందికి పైగా అక్కడ చికిత్స పొందారు.

మన యువకుని పేరు విల్‌ఫ్రెడ్ ఓవెన్. తరువాతి కాలంలో ఆంగ్ల సాహిత్యంలో యుద్ధకవిగా ప్రసిద్ధుడు. 1911 నుండి 1913 మొదటి వరకు ఇంగ్లాండులోని డన్స్‌డెన్ గ్రామంలో పాదిరిగారికి సహాయకుడుగా ఉండి, బీదల ఇండ్లు దర్శిస్తూ, పిల్లలకు బోధిస్తూ గడిపాడు. అక్కడ అతని విశ్వాసం సడలింది. ఆరోగ్యం కూడా చెడింది. ఆ ఇల్లు విడిచాడు. 1917 జనవరి నాటికి అతడు ఫ్రాన్సులో సైనికాధికారి. మార్చిలో చీకటిలో నేలమాళిగలో పడి తలకు దెబ్బ తగిలింది. కొద్దివారాల విశ్రాంతి ఇచ్చి తిరిగి పటాలానికి పంపించారు. ఏప్రిల్‌లో ఫిరంగి గుండు దగ్గరలో ప్రేలి అతన్ని ఎగురవేసింది. ఆ తరువాత కొన్ని రోజులు రైలుకట్ట ప్రక్కన గోతిలో తలదాచుకున్నాడు. ప్రక్కనే తన తోటి అధికారి శరీర భాగాలు పడి ఉన్నాయి. ఆ పిమ్మట వణుకు, మాట తడబాటు, పీడకలలు. జూన్ చివర క్రెయిగ్‌లాక్‌హార్ట్‌కు చేరాడు.

ఓవెన్ పనికి తిరిగి వెళ్ళడం రెండుసార్లు జరిగిందన్నది ఇక్కడ గమనించదగిన విషయం. మొదటిసారి తల దెబ్బ మానగానే నేరుగా యుద్ధరంగానికి వెళ్ళాడు, నెల తిరక్కుండా కూలిపోయాడు. రెండవసారి దారి వేరు. ఆ దారి చూపినవారు ఆర్థర్ బ్రాక్.

బ్రాక్ విచిత్రమైన మనిషి. వైద్యుడే గాని గ్రీకు పండితుడు కూడా. ప్రాచీన వైద్యుడు గాలెన్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆయనకు ఆదర్శం పాట్రిక్ గెడ్డెస్. మద్రాసు రాజధానిలోని పట్టణాలను చూసి నివేదికలు రాసినవారు, ఆ తరువాత బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించినవారు ఈ గెడ్డెస్‌యే. చోటు, పని, జనం అనే మూడింటితోను మనిషి ముడిపడి ఉంటాడన్నది ఆయన బోధ. ఈ ముడులు తెగిపోవడమే తన రోగుల అసలు జబ్బని బ్రాక్ భావించారు. వాటిని తిరిగి కట్టడానికి ఆయన ఎన్నుకున్న సాధనం పని. గ్రీకు పురాణంలోని ఆంటయస్ అనే మల్లుని కథ ఆయనకు ఎంతో ఇష్టం. పాదాలు నేలకు ఆనినంత సేపు ఆంటయస్‌ను ఎవరూ గెలువలేరు; హెర్కులీస్ అతన్ని గాలిలోకి ఎత్తిపట్టి గాని చంపలేకపోయాడు. యుద్ధం మీ పాదాలను నేల నుండి ఎత్తివేసింది, మళ్ళీ నేలను తాకండి అని బ్రాక్ తన రోగులకు నేర్పారు. ఓవెన్‌ను ఆ కథపై కవిత రాయమని పురమాయించారు కూడా.

బ్రాక్ ఇచ్చిన పనులు ఎలాంటివో చూడండి. ఓవెన్ ఆసుపత్రి పత్రిక "ది హైడ్రా"కు సంపాదకుడయ్యాడు. నాటకంలో వేషం వేశాడు. ప్రకృతి పరిశీలన సంఘంలో మొక్కలకు ఆలోచన ఉన్నదా అన్న అంశంపై ప్రసంగించాడు. శరదృతువులో టైన్‌కాజిల్ పాఠశాలకు వెళ్ళి కార్మికుల బిడ్డలకు సాహిత్య పాఠాలు చెప్పాడు. వీటిలో ఏదీ తుపాకి పట్టే పని కాదు. కాలక్షేపమూ కాదు, ప్రతి పనికీ ఎదుట ఎవరో ఎదురుచూస్తూ ఉన్నారు. పత్రిక పాఠకులకు అందాలి. పిల్లలు బల్లలమీద కూర్చుని ఉంటారు. బదరీవృక్షం క్రింద మరణాన్ని కోరుకున్న ఏలీయాకు మొదట నిద్ర, ఆహారం, ఆ తరువాత ప్రయాణం, చివరకు గాని చేయవలసిన పని రాలేదని మనం బోధిస్తూనే ఉంటాము; ప్రమాదబాధితుని ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ వరుస మరచిపోతాము.

బ్రాక్ పద్ధతికి ఒక లోపముంది. రోగి లోపలి భయాన్ని విప్పి చూడడం ఆయనకు అంతగా ఇష్టం లేదు. ఆ పని అదే ఆసుపత్రిలో డబ్ల్యూ. హెచ్. ఆర్. రివర్స్ చేశారు. దక్షిణ భారతీయులమైన మనకు ఈ పేరు వేరొక విధంగా తెలిసి ఉండవచ్చు. 1901–02లో నీలగిరులలో తోడా ప్రజల మధ్య ఉండి, 1906లో వారిపై పెద్ద గ్రంథం ప్రచురించిన పరిశోధకుడు ఈయనే. ఆయన ఓవెన్‌ను చూడలేదు. సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే మరొక కవి ఆయన రోగి. 1918 ఫిబ్రవరిలో లాన్సెట్‌లో ప్రచురించిన వ్యాసంలో రివర్స్, యుద్ధ జ్ఞాపకాలను అణచివేయమని చెప్పడం వలన ఎంత నష్టం జరుగుతున్నదో వివరించారు. ఆయన దగ్గరకు వచ్చినవారికి అప్పటికే అందరూ ఒకటే సలహా ఇచ్చి ఉన్నారు: అది తలచుకోవద్దు, మంచి విషయాలు ఆలోచించు. పగలంతా జ్ఞాపకాన్ని తరుముతూ అలసిపోయిన మనిషిపై అది రాత్రి పడగెత్తుతుంది. అలాగని రోజంతా గాయాన్ని కెలుకుతూ ఉండమని రివర్స్ చెప్పలేదు. దాని నుండి పరుగెత్తడం మానండి అన్నారు, అంతే.

ఆ వ్యాసంలోని ఒక సందర్భం ప్రతి కాపరీ తెలుసుకోదగినది. ఒక అధికారి తన స్నేహితుణ్ణి వెదుకుతూ వెళ్ళి, గుండు దెబ్బకు ముక్కలైన అతని దేహాన్ని చూశాడు. అది మొదలు ప్రతి రాత్రి ఆ దేహమే కలలోకి వచ్చేది. రివర్స్ అతనికి ఒక్క సంగతి చూపించారు. దేహం అంతగా ఛిద్రమైందంటే మరణం క్షణంలో వచ్చినట్లే; నీ స్నేహితుడు గంటల తరబడి బాధపడలేదు. ఆ మాటకు అతని ముఖం తేటపడింది. కొన్ని రాత్రుల తరువాత కల మళ్ళీ వచ్చింది. అయితే ఈసారి కలలో అతడు స్నేహితుని ప్రక్కన మోకరించి, ఇంటివారికి పంపడానికి అతని వస్తువులను మెల్లగా తీస్తున్నాడు. రివర్స్ అబద్ధమైన ఓదార్పు చెప్పలేదు, అలా జరగవలసి ఉంది గనుక జరిగిందనీ అనలేదు. ఆ భయంకర దృశ్యంలోనే ఉన్న ఒక నిజాన్ని వెదికి చేతిలో పెట్టారు. ఇలాంటి నిజం దొరకని రోగి కూడా ఒకడు ఆయనకు ఎదురయ్యాడు. అతని సంగతి చివర చెబుతాను.

ఓవెన్ 1917 శరదృతువు చివర ఆసుపత్రి విడిచాడు. వెంటనే ఫ్రాన్సుకు పంపలేదు. స్కార్‌బరోలో అధికారుల భోజనశాల, వసతి చూసే తేలిక ఉద్యోగం ఇచ్చారు. 1918 వసంతంలో రిపన్‌లో శిక్షణ; కవితలలో చాలా భాగం అక్కడే దిద్దుకున్నాడు. తల్లికి రాసిన ఒక ఉత్తరంలో, ఇప్పుడు వచ్చే కొద్దిపాటి యుద్ధపు కలలు సాయంత్రాలు తానే కావాలని యుద్ధాన్ని తలచుకోవడం వలన వస్తున్నాయని అన్నాడు. కల అతన్ని తరమడం పోయి, అతడే కలను పిలిచే స్థితికి వచ్చాడన్నమాట. ఈ మార్పును కొలిచే యంత్రం లేదు; కౌన్సెలింగులో ఇంతకంటె స్పష్టమైన స్వస్థత గుర్తు నాకు తెలియదు.

ఆగస్టు చివర ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళాడు. అక్టోబరు మొదట్లో చూపిన ధైర్యానికి మిలిటరీ క్రాస్ లభించింది. 1918 నవంబరు 4న సాంబర్ కాలువ దాటుతూ మరణించాడు. వయస్సు 25. వారం రోజులకు యుద్ధం ముగిసింది. విరమణ గంటలు మ్రోగుతున్న రోజునే మరణవార్త తల్లిదండ్రులకు చేరింది.

ఈ చికిత్స ఫలించిందా, విఫలమైందా? సైన్యం లెక్కలో నూటికి నూరుపాళ్ళు ఫలించింది. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. బ్రాక్ ఉద్దేశంలో పని అంటే మనిషిని అతని నేలతో, జనంతో కలిపేది. సైన్యం ఉద్దేశంలో పని అంటే ఖాళీ అయిన స్థానంలో మనిషిని నిలబెట్టడం. వైద్యుడు మొదటి అర్థంతో మొదలుపెట్టి, జీతం ఇచ్చేవారి రెండవ అర్థానికి మనిషిని అప్పగించాడు. నేడు యజమాని, అప్పులవాడు, ఒక్కొక్కసారి ఇంటివారు కూడా కాపరిని అడిగేది రెండవ అర్థమే: త్వరగా పనికి పంపండి, మీ మాటయితే వింటాడు. వారి అవసరం అబద్ధం కాదు. ఇంట్లో పొయ్యి వెలగాలి. అయినా ఆ మాట కాపరి నోట వెలువడేటప్పుడు అది ఎవరి మాట?

రివర్స్ ఈ ప్రశ్నను దాచుకోలేదు. ససూన్ యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించి ఆసుపత్రికి పంపబడినవాడు. అతన్ని విధికి మళ్ళించడం సైనిక దుస్తులలో ఉన్న రివర్స్ బాధ్యత. ఆ రోజులలో తనకు వచ్చిన ఒక కలను ఆయన రాసుకుని పరిశోధించారు. తన రోగి వాదనకు తానే లొంగిపోతానేమోనన్న సంఘర్షణ ఆ కలలో ఉన్నదని ఒప్పుకున్నారు. సలహా ఇచ్చే మనిషి తన కలను బల్లమీద పెట్టి, తాను ఎవరి పక్షాన కూర్చున్నానో అడగడం అరుదు. 1922లో రివర్స్ మరణించారు. ఆ కల వివరాలున్న గ్రంథం మరుసటి సంవత్సరం వెలువడింది.

ఇక ఆ మరొక రోగి. ప్రేలుడుకు ఎగిరి, ఉబ్బిన ఒక శవం కడుపుపై ముఖం ఆనించి పడ్డాడు. ఆ రుచి, ఆ వాసన అతన్ని వదలలేదు. ఆ జ్ఞాపకంలో ఊరటనిచ్చే అంశం ఏదీ రివర్స్‌కు దొరకలేదు. ఆ సంగతి వ్యాసంలో దాచకుండా రాశారు. అంతకు ముందు పల్లెటూరికి వెళ్ళి, యుద్ధాన్ని గుర్తుచేసే వాటన్నిటికీ దూరంగా ఉన్నప్పుడు మాత్రమే అతనికి కొంత ఉపశమనం కలిగిందని తెలుసుకున్నారు. అతణ్ణి సైన్యం నుండి విడిపించి ఆ పల్లెకే పంపించారు.