పీతల వేటలో పంపకాల పద్దు

అమెరికాలోని అలాస్కా తీరాన, బేరింగ్ సముద్రంలో ‘రెడ్ కింగ్ క్రాబ్’ అనే పెద్ద పీత దొరుకుతుంది. ఒక్కొక్కటి రెండు మూడు కిలోలు తూగుతుంది. రిజిస్టర్లు, జాబితాల మధ్య జీవితం గడిపిన మనవంటి వారికి ఆ వేట చరిత్ర తెలుసుకోదగినది.

1980లో బ్రిస్టల్ బే అనే ఒక్క ప్రాంతంలోనే సుమారు 13 కోట్ల పౌన్ల పీతలు పట్టారు. పిదప పీతలు ఒక్కసారిగా తగ్గిపోగా 1983లో వేటనే నిలిపివేశారు. మళ్ళీ అనుమతించినా సంపద మునుపటివలె కోలుకోలేదు. పడవలు మాత్రం ఎక్కువే.

ఆడపీతలను, చిన్న మగపీతలను పట్టరాదు, మొత్తం పట్టుబడి ఇంతకు మించరాదు అనే నిబంధనలుండేవి. కాని ఏ పడవ ఎంత పట్టాలన్న లెక్క లేదు. ముందు పట్టినవాడిదే పీత. అందుచేత 2004లో సుమారు 250 పడవలు పోటీపడగా సీజను మూడు రోజులకే ముగిసింది. తుఫానులో ఆగితే ఆ సీజను ఆదాయం పోయినట్లే. మూడేసి వందల కిలోల ఇనుప బోనులను పేర్చుకుని, మంచు పేరుకున్న పడవలపై పరుగులు తీసేవారు. 1990–99 మధ్య బేరింగ్ సముద్రపు పీతల వేటలో 70 మందికి పైగా మరణించారు.

1999 నుండి రేవులో పడవల తనిఖీ మొదలైంది. 2005లో వాటాల పద్ధతి వచ్చింది. వెనుకటి సంవత్సరాల పట్టుబడి చూసి ఎవరి వాటా ఎంతో నిర్ణయించారు. తీరగ్రామాలకు 10 శాతం కేటాయించారు. వాటాను అమ్ముకోవచ్చు, కౌలుకివ్వవచ్చు. ఆ ఏడాదే పడవలు 89కి తగ్గాయి. సీజను నెలల తరబడి సాగింది. గాలివాన వస్తే రేవులోనే ఆగవచ్చు. ప్రాణనష్టం బాగా తగ్గింది.

అయితే సుమారు వెయ్యి మందికి పని పోయింది. వాటాలు ముఖ్యంగా పడవ యజమానులకు దక్కాయి. కెప్టెన్లకు 3 శాతం ఇచ్చారు. బోనులు లాగిన కూలీలకు తొలి పంపకంలో చోటే లేదు. కౌలు పడవలపై కౌలు మినహాయించాకే వారి కూలి లెక్కకట్టడం మరొక బాధ.

వాటాలున్నా సముద్రం మన చేతిలో లేదు. పీతలు తగ్గి 2021, 2022లలో ఈ వేటను మళ్ళీ ఆపి, 2023లో తెరిచారు.

లెక్క సరిగా కట్టినందువల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయన్నది నిజం. అయితే ఏ జాబితా తయారుచేసినా, అందులో చేరని పేర్లు ఎవరివో కూడా ఒకసారి చూడడం మంచిది.