క్యాన్సర్ నుంచి కోలుకున్న స్త్రీలు – జీవిత బీమా : కొంత చరిత్ర

మన సంఘ సభ్యులలో చాలామందికి జీవిత బీమా అనగానే గుర్తొచ్చేది జీతం బిల్లులోని కోతలు. జి.పి.ఎఫ్. పక్కన ఏ.పి.జి.ఎల్.ఐ., దాని పక్కన జి.ఐ.ఎస్., ఆ చివర ఎల్.ఐ.సి. శాలరీ సేవింగ్స్. ముప్పయ్యైదేళ్ళు గుమాస్తాగా ఆ కోతలు వేసినవాణ్ణి కనుక, ఈ విషయంలో ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్ను అడగడం అలవాటు. ఈ మధ్య తరచుగా వినపడుతున్న సందేహం ఒకటే. రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్, మందులు, కరెంటు చికిత్స అన్నీ పూర్తయి, ఆరోగ్యంగా తిరుగుతున్న స్త్రీకి జీవిత బీమా ఇస్తారా, ఇవ్వరా? ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు గాని, అసలు బీమా కంపెనీలు ఎవరి ప్రాణాన్ని ఏనాడు ఎలా లెక్కగట్టాయో తెలిస్తే ఆ జవాబు అర్థమవుతుంది.

మన దేశంలో మొదటి జీవిత బీమా కంపెనీ 1818లో కలకత్తాలో వెలసిన ఓరియంటల్. అది ప్రధానంగా తెల్లదొరల కుటుంబాల కోసం. భారతీయుల ప్రాణం అంత గట్టిది కాదని ఆనాటి కంపెనీల నమ్మకం. తీసుకున్నా అదనపు ప్రీమియం వసూలు చేసేవారు. 1870లో బొంబాయి మ్యూచువల్ వచ్చి మామూలు రేటుకే భారతీయులకు బీమా ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే ‘నాసిరకం ప్రాణం’ అన్న ముద్ర మొదట పడింది మనందరి మీదనే. రోగం ఉన్నవాడి మీద కాదు.

తరువాత ఆ ముద్ర స్త్రీల మీద నిలిచింది. ప్రసవాల్లో చనిపోతారని, సొంత సంపాదన లేదని, వారిని దూరం పెట్టారు. ఇక్కడ తపాలా శాఖను మెచ్చుకోవాలి. 1884 ఫిబ్రవరి 1న తమ ఉద్యోగుల కోసం మొదలైన పోస్టల్ లైఫ్ ఇన్సూరెన్స్, 1894లోనే తపాలా, తంతి శాఖల మహిళా ఉద్యోగులకు బీమా ఇచ్చింది. అప్పటికి మరే కంపెనీ స్త్రీలను చేర్చుకోవడం లేదు. అటు నిజాం రాజ్యంలో 1907లో ఉద్యోగుల కుటుంబ పింఛను నిధిగా మొదలై 1913లో బీమా పథకంగా మారినదే మన ఏ.పి.జి.ఎల్.ఐ.కి మూలం.

కోస్తా జిల్లాల వారికి బీమా అంటే బందరు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అక్కడ 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ స్థాపించారు. నాడి పట్టి చూసిన వైద్యుడే బీమా కంపెనీ పెట్టడం ముచ్చటైన విషయం. ఇటువంటి స్వదేశీ కంపెనీలతో పాటు మొత్తం 245 సంస్థలను కలిపి 1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడింది. బందరు దానికి డివిజన్ కేంద్రమయింది.

జాతీయం చేసిన ఉద్దేశం పల్లెలకు బీమా చేరాలని. చేరింది కూడా. మిరపకాయలు గుంటూరు యార్డులో అమ్ముడై డబ్బు చేతికొచ్చే రోజులకు ఏజెంట్లు చిలకలూరిపేట, నరసరావుపేట, పర్చూరు వైపు ఊళ్ళలో దిగేవారు. రైతుకు నెలనెలా కట్టడం కుదరదు, ఏడాదికోసారే. స్త్రీల విషయంలో మాత్రం పాత చూపు పోలేదు. సంస్థ స్త్రీలను మూడు తరగతులుగా విభజించింది. సొంత సంపాదన గల ఉద్యోగిని మొదటి తరగతి. ఏ ఆదాయమూ లేదనుకున్న ఇల్లాలు మూడవ తరగతి, ఆమెకు ఎంత బీమా ఇవ్వాలన్నది భర్త పేర ఎంత ఉందో చూసి తేల్చేవారు. తెల్లవారుజామునే లేచి పత్తి తీతకు, మిరప కోతకు పోయే మనిషికి ఆదాయం లేదని ఏ కాగితం చూసి నిర్ణయించారో నాకు ఈనాటికీ బోధపడదు.

తక్కువ ప్రీమియంతో ఎక్కువ బీమా ఇచ్చే ఒక టర్మ్ పాలసీని ప్రభుత్వ, ప్రభుత్వ రంగ, పేరున్న కంపెనీల ఉద్యోగులకే పరిమితం చేశారు. అంటే మన బోటి వారికి ఉంది, మన ఊళ్ళో కౌలు రైతుకు లేదు. 1995లో సుప్రీంకోర్టు ఆ షరతు రాజ్యాంగంలోని 14వ అధికరణకు విరుద్ధమని కొట్టివేసింది. ఆ తీర్పు రాసినది మన తెలుగువారు జస్టిస్ కె. రామస్వామి గారు. జీవిత బీమా సామాజిక భద్రతలో భాగమని, దాన్ని ఒక వర్గానికే దాచిపెట్టరాదని అందులో చెప్పారు. ఆనాడు మనం ఆ తీర్పును పెద్దగా పట్టించుకోలేదు. మనకు కలిగే నష్టమేమీ లేదు కదా.

ఇక పత్తి సంగతి. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్న సంవత్సరం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పంట పోతే ముందు ఆగేది ప్రీమియం. గడువు దాటితే పాలసీ ల్యాప్స్ అవుతుంది. మళ్ళీ బతికించాలంటే బకాయి, వడ్డీ కడితే చాలదు, కొంతకాలం దాటిందంటే ఆరోగ్యం బాగున్నదని కొత్తగా ప్రకటన ఇవ్వాలి. ఈ మధ్యలో ఇల్లాలికి రొమ్ములో గడ్డ కనపడిందనుకోండి. మొదట పాలసీ తీసుకున్నప్పుడు నిక్షేపంలా ఉన్న మనిషి, ఇప్పుడు రెండోసారి బీమా గుమ్మం ముందు రోగిగా నిలబడాలి. దోమ పత్తికి పట్టింది, వేటు పాలసీకి పడింది. ఉద్యోగి జీతంలో నుంచి కోత దానంతటదే పోతుంది కనుక మనకు ఈ కష్టం తెలియదు.

వైద్యం సంగతి కూడా చెప్పాలి. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు మద్రాసు అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ ఆస్పత్రి వచ్చింది. మన ప్రాంతం వారు చాలాకాలం మద్రాసు రైలే ఎక్కేవారు. 2000లో హైదరాబాదులో బసవతారకం ఆస్పత్రి, 2007 నుంచి ఆరోగ్యశ్రీ, 2020లో గుంటూరు పెద్దాసుపత్రిలోనే నాట్కో వారు కట్టించిన క్యాన్సర్ విభాగం వచ్చాయి. మన దేశ స్త్రీలలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇప్పుడు ఇదే. 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చినట్లు అంచనా. తొలిదశలో పట్టుకుంటే చాలామంది నిండు జీవితం గడుపుతున్నారు. వైద్యం ఇంత దూరం వచ్చినా బీమా ఫారం అంత దూరం రాలేదు.

ఫారంలో ‘మీకు ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా’ అని ఉంటుంది. ‘ఎప్పుడైనా’ అన్న మాటకు కాలపరిమితి లేదు. అవును అని రాస్తే బయాప్సీ రిపోర్టు, ఏ దశ, చంకలోని గ్రంథులకు పాకిందా, చికిత్స ఏ తేదీన ముగిసింది, ఆపైన పరీక్షల కాగితాలు అన్నీ అడుగుతారు. తరువాత వచ్చే జవాబు మూడు రకాలు. నిరాకరణ, లేదా కొన్నేళ్ళ తరువాత రమ్మని వాయిదా, లేదా అదనపు ప్రీమియంతో ఆమోదం. మూడవది రావాలంటే తొలిదశ క్యాన్సర్ అయి ఉండాలి, చికిత్స ముగిసి కొన్నేళ్ళు గడవాలి.

మా దగ్గరి బంధువు ఒకావిడ పల్నాడులో టీచరు. 2001లో ఆపరేషన్ అయింది. 2007లో ఇంటి అప్పు తీసుకుంటూ, తనకేమైనా అయితే అప్పు పిల్లల మీద పడకూడదని పదిహేనేళ్ళకు బీమా కోరింది. ఏజెంటు ‘ఆ గడిలో లేదు అని రాయండమ్మా, ఎవరు చూస్తారు’ అన్నాడు. ఆమె ఉన్నదున్నట్లు రాసింది. రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది, ఇవ్వలేమని. కారణం రాయలేదు. ఇంటి అప్పు 2022లో తీరిపోయింది. సదరు కంపెనీ భయపడిన పదిహేనేళ్ళూ ఆవిడ బడికి వెళ్ళింది, పాఠం చెప్పింది, పదవీ విరమణ చేసింది.

ఆ ఏజెంటు మాట విని ఉంటే ఏమయ్యేది? 1938 బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం రెండేళ్ళ తరువాత పాలసీని ప్రశ్నించరాదు. కాని తెలిసి దాచిపెడితే ఆ రక్షణ లేదు. 1962లో మిఠూలాల్ నాయక్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పి క్లెయిము తోసిపుచ్చింది. 2015 సవరణతో ఆ గడువు మూడేళ్ళయింది, అది దాటాక ఏ కారణం మీదా ప్రశ్నించరాదు. మూడేళ్ళ లోపు మరణిస్తే మాత్రం ఆస్పత్రి రికార్డులన్నీ తిరగేస్తారు. పైగా ల్యాప్స్ అయిన పాలసీని పునరుద్ధరిస్తే ఆ మూడేళ్ళు పునరుద్ధరణ తేదీ నుంచి మళ్ళీ మొదలు. ఈ ముక్క ఏజెంట్లు చెప్పరు.

ఫ్రాన్సు దేశం 2016లో ఒక చట్టం చేసింది. చికిత్స ముగిసి పదేళ్ళు దాటినవారు అప్పుకు సంబంధించిన బీమా తీసుకునేటప్పుడు తమ పాత క్యాన్సర్ గురించి చెప్పనవసరం లేదు, కంపెనీ లెక్కలోకి తీసుకోరాదు. 2022లో ఆ పదేళ్ళను ఐదేళ్ళకు తగ్గించారు. బెల్జియం, నెదర్లాండ్స్, పోర్చుగల్ కూడా ఇటువంటి నిబంధనలు తెచ్చాయి. మన దేశంలో జీవిత బీమాకు అలాంటి చట్టం లేదు. 2024లో మన బీమా నియంత్రణ సంస్థ పాత జబ్బులకు వేచి ఉండే కాలాన్ని నాలుగేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గించింది గాని, అది ఆరోగ్య బీమాకు సంబంధించినది. రెంటినీ కలిపి పొరబడరాదు.

మరి మన టీచరుకు బొత్తిగా ఏమీ లేదా అంటే, ఉంది. 1984 నవంబరు 1 నుంచి అమలైన రాష్ట్ర ఉద్యోగుల గ్రూప్ ఇన్సూరెన్స్‌లో డాక్టరు పరీక్ష లేదు, ఆరోగ్యం గురించి ప్రశ్న లేదు. 1994 నుంచి యూనిట్‌కు నెలకు 15 రూపాయలు, బీమా 15,000. నాలుగు యూనిట్లంటే 60,000. ఇంటి అప్పు ముందు అది చిన్న మొత్తమే, కాని క్యాన్సర్ వచ్చిందని ఆమె కోత ఎవరూ ఆపలేదు. జబ్బుకు ముందు తీసుకున్న ఏ.పి.జి.ఎల్.ఐ. పాలసీలూ అలాగే నడిచాయి. అందరినీ ఒకే గంపలో వేసి చూసినప్పుడు ఒక్కొక్కరి జబ్బు లెక్క అక్కరలేదన్నది ఇక్కడి కిటుకు. ఉద్యోగం లేనివారికి 2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా దీనికి దగ్గరగా ఉంటుంది. బ్యాంకు ఖాతా ఉంటే చాలు, డాక్టరు పరీక్ష లేదు. 18 నుంచి 50 ఏళ్ళ లోపు చేరాలి, 55 వరకు రెండు లక్షల బీమా. 2022 జూన్ నుంచి ఏడాదికి 436 రూపాయలు. ఖాతాలో ఆ రోజుకు డబ్బు లేకపోతే ఆగిపోతుంది, కనుక మిరపకాయల డబ్బు వచ్చినప్పుడే కొంత అందులో ఉంచమని మీ ఊరివాళ్ళకు చెప్పండి.

కోడళ్ళు, కూతుళ్ళు ఉద్యోగంలో కొత్తగా చేరినవారైతే ఏ.పి.జి.ఎల్.ఐ. ప్రీమియం పెంచుకోవడం ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే చేయించండి. జబ్బుపడి బాగైన వారుంటే ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, చికిత్స ముగిసిన తేదీ ఉన్న చీటీ ఒక కవరులో పెట్టి పింఛను కాగితాల పక్కన ఉంచండి. మా బంధువు 2007లో మొదట వెతికింది ఆ తేదీ ఉన్న చీటీనే. దాని కోసం హైదరాబాదుకు రెండుసార్లు తిరగవలసి వచ్చింది.