చిన్న ఇంజిన్, పెద్ద లెక్క

సంచిక కమిటీ మిత్రులు సున్నిపెంట గురించి ఏదైనా చరిత్ర రాయమన్నారు. డ్యాము కథ రాయడానికి మనలో నాకంటే బాగా తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను లోహంతో పనిచేసే చేతుల చరిత్ర రాస్తాను. ఒక రేసు కారు ఇంజిన్‌ను మూడో వంతు సైజులో, చేత్తో మలిచి, దాన్ని నిజంగా తిప్పిన పని దగ్గర మొదలుపెడతాను. మన నాన్నల తరం టర్నర్లు, ఫిట్టర్లు అన్నం తిన్నదీ ఇదే విద్యతో.

ఫెరారీ 312 పీబీ అనే రేసు కారు 1972లో తయారీదారుల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 11 పోటీలకు గాను 10 గెలిచింది. ఆ పదకొండోది, లె మాన్ పందెంలో ఫెరారీ దిగనే లేదు. దాని ఇంజిన్ 3 లీటర్లు, 12 సిలిండర్లు. ఆరు ఒక పక్కకు, ఆరు ఇంకో పక్కకు పడుకుని ఉంటాయి. ఫ్రాన్సులోని అవిన్యోఁ నగరానికి చెందిన పియెర్ స్కెరీ అనే టెలికాం ఇంజనీరు ఈ కారును 1:3 కొలతలో తయారుచేశాడు. చూసి మురిసిపోయే బొమ్మ కాదది. పెట్రోలు పోస్తే పన్నెండు సిలిండర్లూ పేలతాయి, గేర్లు పడతాయి. దీనికి ఆయన జీవితంలో దాదాపు 15 ఏళ్లు పట్టాయి.

అంతకాలం ఎందుకు? కొలతలన్నీ మూడుతో భాగిస్తే చాలదా?

మన ఆళ్లగడ్డ శిల్పులను చూడండి. ముఖం పొడుగును తాళంగా పెట్టుకుని జానెడు విగ్రహమైనా, నిలువెత్తు విగ్రహమైనా అదే లెక్కతో చెక్కుతారు. రాయి కదలదు, వేడెక్కదు. అందుకే ఆ లెక్క తప్పదు. కదిలే వస్తువు దగ్గర మాత్రం ఇది చెల్లదు. కొలత మూడో వంతయితే పైతలం తొమ్మిదో వంతు, ఘనపరిమాణం ఇరవై ఏడో వంతు అవుతుంది. మూడూ ఒకేలా తగ్గవు. పెద్ద జంతువు ఎముక చిన్న జంతువు ఎముకకు పెంచిన నకలు ఎందుకు కాలేదో 1638లోనే గెలీలియో వివరించాడు.

ఈ తేడా ఆవిరి యంత్రం చరిత్రనే మలుపు తిప్పింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో తరగతి పాఠానికి వాడే న్యూకమెన్ ఇంజిన్ నమూనా ఒకటి ఉండేది. సిలిండర్ వ్యాసం 2 అంగుళాలు, స్ట్రోక్ 6 అంగుళాలు. 1763లో దాన్ని బాగుచేయమని అక్కడి పరికరాల పనివాడు జేమ్స్ వాట్‌కు ఇచ్చారు. బాగుచేశాక కూడా నాలుగు స్ట్రోకులు కొట్టి ఆగిపోయేది. చిన్న సిలిండర్‌లో ఆవిరి తక్కువ, దాన్ని చల్లార్చే గోడ ఎక్కువ. ఆవిరి పనిచేసేలోపే గోడలకు నీరై కారుతోంది. ఇది చిన్న యంత్రానికే పట్టిన రోగమని వాట్ వదిలేయలేదు. లెక్కవేసి చూస్తే పెద్ద ఇంజిన్లలోనూ ఆవిరిలో ఎక్కువ భాగం ఇలాగే వృథా అవుతోంది. 1765లో విడి కండెన్సర్ ఆలోచన తట్టింది, 1769లో పేటెంట్ వచ్చింది. పెద్ద యంత్రంలో ఎవరి కంటికీ ఆనని జబ్బును చిన్న నమూనా చూపించింది.

ఇదే పాఠం మన గడప దాకా వచ్చింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఫలితంగా, మనం బడిలో ఉన్నప్పుడు, 1982 నుంచి 1987 దాకా, కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఒక్కొక్కటిగా ఏడు తిరగడం మొదలుపెట్టాయి. అవి ఫ్రాన్సిస్ టర్బైన్లు. అంత పెద్ద టర్బైన్ తయారుచేసే ముందు అడుగు, అడుగున్నర వ్యాసం ఉన్న రన్నర్ నమూనాను ప్రయోగశాలలో తిప్పి చూడడం ఆ రంగంలో రివాజు. నమూనా సామర్థ్యం ఎప్పుడూ అసలు దానికంటే కాస్త తక్కువే వస్తుంది. చిన్న దారుల్లో నీటికి రాపిడి పాలు ఎక్కువ. మూడీ సూత్రం లాంటి లెక్కలతో ఆ తేడాను సరిచేసి అసలు టర్బైన్ ఎంత ఇస్తుందో అంచనా కడతారు. వాట్ సిలిండర్‌లో ఆవిరికి పట్టిన గతే ఇక్కడ నీటికీ పట్టింది.

ఇప్పుడు ఫెరారీ దగ్గరికి వద్దాం. అసలు ఇంజిన్ బోర్ 78.5, స్ట్రోక్ 51.5 మిల్లీమీటర్లు. మూడో వంతు చేస్తే 26.2, 17.2 అవుతాయి. సిలిండర్‌కు 250 సీసీ పోయి 9 సీసీ చిల్లర మిగులుతుంది. పన్నెండూ కలిపినా 111 సీసీ, ఒక మోపెడ్ ఇంజిన్‌కు రెండింతలు. ఘనపరిమాణంతో పోలిస్తే గోడ మూడింతలైంది కాబట్టి వేడి త్వరగా జారిపోతుంది. ఒక మేలు కూడా ఉంది. అదే వేగంతో తిరిగితే పిస్టన్ ఊపు వల్ల కనెక్టింగ్ రాడ్ మీద పడే ఒత్తిడి తొమ్మిదో వంతే. కానీ పెట్రోలు తుంపరకూ, ప్లగ్ నిప్పురవ్వకూ, ఆయిల్ పొరకూ స్కేలు తెలియదు. పెద్ద ఇంజిన్‌లో 0.06 మి.మీ. వదిలిన సందు లెక్క ప్రకారం ఇక్కడ 0.02 కావాలి. కాబట్టి ఇలాంటి నమూనా చేసేవాడికి నకలు తీయడం చాలదు. బయటికి పాత రూపం ఉంచి, లోపల చాలా భాగం మళ్లీ డిజైన్ చేయాలి.

ఇక చేతి పని. ఇలాంటి క్రాంక్‌షాఫ్ట్‌ను సాధారణంగా ఒకే ఉక్కు కమ్మీ నుంచి తీస్తారు. ఎదురెదురు సిలిండర్ల జంటకు ఒకటి చొప్పున ఆరు పిన్నులు. ప్రతి పిన్ను నడిమి గీతకు 8.6 మి.మీ. పక్కకు ఉండాలి. అందుకని కమ్మీని లేత్‌లో పక్కకు జరిపి బిగించి, ఒక్కో పిన్ను విడిగా తీయాలి. కమ్మీలో ఎక్కువ భాగం రజనుగా రాలిపోతుంది. లోహం తగ్గేకొద్దీ షాఫ్ట్ సన్నబడి టూలు ఒత్తిడికి వంగబోతుంది. ఆరో పిన్ను దగ్గర చేయి జారితే మొదటి అయిదింటి కష్టమూ పోయినట్టే.

నేనూ ఇంట్లో చిన్న లేత్ పెట్టుకుని మూడేళ్లుగా ఒక్క సిలిండర్ ఇంజిన్ చేస్తున్నాను. పన్నెండు కాదు, ఒక్కటే. ఫినిషింగ్ కట్‌లో ఉక్కు మీద గీతలు పడుతుంటే మన కాలనీలో టర్నర్‌గా చేసి రిటైరైన ఒకాయనకు ఫోన్ చేశాను. "చిన్నాయనా, ఏం చేయమంటావ్?" అన్నాను. "కొలత తర్వాత చూసుకుందువు గానీ నాయనా, ముందు టూలు మాట ఇను. కీచుమంటాందంటే దానికి ఆకలి లేదని. లోతు తగ్గించు, మొన మళ్లా నూరుకో" అన్నాడు. ఇంజనీరింగ్ పుస్తకాల్లో దీన్ని చాటర్ అంటారు, ఎన్నో సమీకరణాలు రాస్తారు. ఆయన చెవితో పట్టుకున్నాడు.

ఈ విద్య మన తెలుగువాళ్లకు కొత్త కాదు. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పుట్టిన జి.డి.నాయుడు, కుర్రతనంలో రడ్జ్ మోటారుసైకిల్ కొని, విప్పి, మళ్లీ బిగించి యంత్రం నేర్చుకున్నారు. డి.బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో ఆయన చేసిన మోటారు, దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా పేరు పొందింది. అదే ఊళ్లో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్.కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి రేసు కార్లు తెచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. తక్కువ ఖర్చులో రేసు కారు దొరికింది. తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్లిన నారాయణ్ కార్తికేయన్ మొదట పోటీకి దిగింది ఈ కార్లలోనే. కోయంబత్తూరులో అది సాధ్యమైందంటే, వీధివీధికీ లేత్‌లు, వాటి దగ్గర నేర్పేవాళ్లు ఉండబట్టే.

సున్నిపెంటలోనూ ఒకప్పుడు అలాంటివాళ్లు ఉన్నారు. ప్రాజెక్టు పని ముగిసేసరికి కొందరు బదిలీల మీద వెళ్లిపోయారు, కొందరు రిటైరయ్యారు, కొందరు కాలం చేశారు. కాంక్రీటు నిలబడుతుంది, డ్రాయింగులు బీరువాల్లో ఉంటాయి. టూలు కీచుమంటే ఏం చేయాలో మాత్రం ఏ డ్రాయింగులోనూ ఉండదు. అది ఒక మనిషి పక్కన మరో మనిషి నిలబడితేనే చేతులు మారుతుంది. కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు వచ్చాక ఇదంతా ఎందుకని మన పిల్లలు అడుగుతారు. ఆ మెషిన్‌కు లోతు ఎంతో, వేగం ఎంతో చెప్పాల్సింది మనిషే. చెప్పేవాడు ఒక్కసారైనా చేత్తో లోహం కోసి ఉండాలి.

అందుకే సంఘానికి నాదొక ప్రతిపాదన. స్వర్ణోత్సవ జ్ఞాపకంగా శిలాఫలకంతో పాటు, బడిలో ఒక గది, అందులో బల్ల మీద పెట్టుకునే ఒక లేత్, నాలుగు ఆకురాళ్లు, రెండు మైక్రోమీటర్లు ఏర్పాటు చేద్దాం. సెలవుల్లో నెల రోజులు మన పెద్ద టర్నర్లను గౌరవ వేతనంతో పిలుద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్క సిలిండర్ ఆవిరి ఇంజిన్ చేస్తే చాలు. సైకిల్ పంపు గాలికి అది నాలుగు స్ట్రోకులు కొట్టి ఆగిపోతే, ఎందుకు ఆగిందని అడిగే పిల్లవాడు ఒకడైనా లేస్తాడు. లేత్ ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను. మిగతా సగానికి ముందుకొచ్చే మిత్రులు కమిటీకి చెప్పండి.