ఒంగోలు పశువు, బ్రెజిల్ మాంసం

బ్రెజిల్ మాంసపు మందల్లో అత్యధికం ‘నెలోర్’ జాతివే. వాటి మూలం ప్రధానంగా మన ఒంగోలు పశువు. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. తరువాత జిల్లా మారినా అక్కడ ఆ పేరే నిలిచిపోయింది. 1960ల తొలినాళ్ళలో వెళ్ళిన ‘కరవది’ ఆబోతు సంతతి ఆ మందల్లో విస్తారంగా ఉంది.

తెల్లని వెంట్రుకల కింద నల్లని చర్మం ఎండను తట్టుకుంటుంది. పిడుదుల బాధ ఐరోపా జాతులకన్నా తక్కువ. దూడ చిన్నది కనుక ఈత సులువు.

లోపమంతా మాంసంలోనే. వధించిన తరువాత కూడా కండరంలోని కాల్‌పెయిన్ అనే ఎంజైము పనిచేస్తూ మాంసాన్ని మెత్తబరుస్తుంది. దానిని అడ్డగించే కాల్‌పాస్టాటిన్ మూపురపు జాతుల్లో ఎక్కువ. కండల నడుమ కొవ్వూ తక్కువే. తరతరాలుగా నాగలికీ బండికీ ఎంచి పెంచిన వంశంలో మెత్తదనం వెదకడం నాకు కొంత అన్యాయంగానే తోస్తుంది. ఆంగస్‌తో సంకరం చేస్తే మాంసం మెత్తబడుతుంది, పిడుదుల బెడద పెరుగుతుంది.